ముసురు వెలిసిన గోదావరిలో గాలం

"కొత్తగూడెం నుంచి గోదావరిఖనిని చూడ్డానికి పోయేవాళ్లలో నిన్నొక్కదాన్నే చూస్తున్నా" అని మా బడిలో తోటి టీచరు నవ్వింది. ఆమె నవ్వడంలో తప్పులేదు. కాశీకి పోయినవాళ్లు, తిరుపతికి పోయినవాళ్లు తిరిగొచ్చి వారం రోజులు చెబుతారు, మనం వింటాం. ఒక బొగ్గు ఊరి నుంచి ఇంకో బొగ్గు ఊరికి పోయొచ్చి చెప్పేదేముంటుంది? అక్కడా సైరనే, అక్కడా మూడు షిఫ్టులే, ఆరేసిన బట్టల మీద అక్కడా నల్ల దుమ్మే. అయినా చెబుతాను. ఆ నాలుగు రోజులు మా ఇంటికి ఎంత పని చేశాయో నాకు తెలుసు.

మేమెందుకు పోయామో ముందు చెప్పాలి. మా ఆయన కొమరయ్య గనిలో పంపు ఖలాసీ. బొగ్గు తీసేచోట ఊరే నీటిని తోడి పైకి పంపించే పంపును చూసుకోవడం ఆయన పని. పోయిన వానాకాలం పంపును ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తుంటే గొలుసు జారింది. ఇనుము వచ్చి కుడిచేతి మీద పడింది. నాలుగు వేళ్లు పోయాయి, బొటనవేలొక్కటి మిగిలింది. గాయం దసరాకల్లా మానింది. మనిషి మాత్రం ఆ చేతికి తువ్వాలు చుట్టుకుని ఇంటి వెనక గోడ దగ్గర కూర్చుండిపోయాడు. ల్యాంపు రూములో తేలికపాటి పని ఇస్తామని కబురొచ్చింది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ కిటికీలోంచి దీపం అందించే గది అది.

"షిఫ్టు షిఫ్టుకు అందరి ముందట ఈ చెయ్యి చాపాలె. నాతోని కాదు. ఊరికి పోయి మేకలు కాసుకుంట" అన్నాడు ఆయన. పుష్యం దాటేలోపు ఏ సంగతో చెప్పమన్నారు ఆఫీసువాళ్లు.

అంతకుముందు సెలవు దొరికితే చాలు, గాలం పట్టుకుని చెరువు దారి పట్టే మనిషి. దెబ్బ తగిలాక గాలపు కర్ర అటకెక్కింది. ఇంట్లో చేపల కూర కూడా మానేశాడు. ముళ్లు తీసుకోవడం రాదు, నేను తీసి పెడితే ముద్ద దిగదు. ఒకరోజు పొద్దున నేనే స్టూలెక్కి ఆ కర్ర దించాను. గోదావరిఖనిలో మా అన్న రాజన్న ఉన్నాడు, గోదారి వాలుగ చేపల గురించి వచ్చినప్పుడల్లా చెప్తుంటాడు.

"గోదారికి పోతున్న. వస్తే రా. లేకుంటే నేనే గాలమేసుకుంట" అన్నాను.

"నీకు గాలమేసుడు వస్తదా?"

"రాదు. ఆడ నేర్చుకుంట."

ఆయన కర్ర వైపు చూసి, "ఆ దారం నైలాన్‌ది తీసుకో, నూలుది పనికిరాదు" అన్నాడు. అట్లా బయల్దేరాం.

కంబళిలో దిగిన గాలం

డోర్నకల్‌లో బండి మారాలి. రెండో బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు. బయట ముసురు, దానికితోడు ఇంజను బొగ్గు నలుసులు కళ్లలో పడుతుంటే కిటికీలన్నీ మూసేశారు. మా వెదురు కర్రను సామాన్ల పలక మీద అడ్డంగా పెట్టాం. గాలం ముల్లును బెండుముక్కకు గుచ్చి జాగ్రత్తగానే కట్టాను. కాజీపేట దాటాక బండి ఒక్క కుదుపు కుదిపేసరికి అది ఊడి, కింద కునికిపాట్లు పడుతున్న ఒక పెద్దాయన కంబళిలోకి దిగింది.

ఆయన మంథని పంతులు. కోడలి ఊరి నుంచి వస్తున్నాడు. నిద్రలేచి, భుజం మీది దారాన్ని కర్ర దాకా కళ్లతోనే చూసుకుంటూ పోయాడు.

"ఇది దేనికి నాయనా?"

"చేపలకు" అన్నాను నేను.

"మా ఇంట్ల ఆ మాట గూడ అనం. గీ వయసుల గాలానికే పడ్డ" అన్నాడు పంతులు. పెట్టెలో అందరూ ఒకటే నవ్వు.

నేను లాగబోతే ఉన్ని చినిగేలా ఉంది. గాలపు ముల్లుకు వెనక్కి తిరిగిన మొన ఉంటుంది, దాన్ని వచ్చిన దారినే తిప్పి తీయాలి. నాకది చేతకాలేదు. మా ఆయన ఒక క్షణం ఆగి తువ్వాలు విప్పాడు. కుడి బొటనవేలితో కంబళిని పంతులు భుజానికి నొక్కిపెట్టి, ఎడమ చేత్తో ముల్లును మెల్లగా తిప్పాడు. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. పంతులు మాత్రం చూపు పక్కకు తిప్పుకోలేదు.

"ఇంకా నొప్పున్నదా?"

"సలికి గుంజుతది."

"గుంజుతది మరి. నువ్వుల నూనె వేడి చేసి రాయించు. ఈ ముసురు వెలిసినంక ఉంటది అసలు సలి."

అంతే. పెద్దపల్లిలో దిగేటప్పుడు మాకు ఒక పేలాల ఉండ ఇచ్చి పోయాడు. అన్ని నెలల్లో ఆ చేతి గురించి గుసగుస లేకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

ముసురులో దిగాం

రామగుండం స్టేషన్లో దిగేసరికి ఆకాశం నేలకు ఆనినట్టు ఉంది. సన్నటి ముసురు. స్టేషన్ బయట టీ పదిహేను పైసలు, మా దగ్గరకంటే ఎక్కువ. కానీ అల్లం బాగా దంచి వేశారు. బస్సు గోదావరిఖని చేరేసరికి మా అన్న గోనెసంచిని ముసుగులా మడిచి నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు.

మా కొత్తగూడెం పాత ఊరు. కాలనీలకు చెట్ల నీడ ఉంటుంది. ఇక్కడ క్వార్టర్లు కొత్తవి, మొక్కలు ఇంకా మోకాలెత్తు దాటలేదు. గోదారి ఇసుకను బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి గనుల్లోకి పంపుతారని అన్న చెప్పాడు. "బొగ్గు మనం తీసుకుంటం, ఇసుక దానికిస్తం" అన్నాడు. సాయంత్రమయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ బొగ్గు పొయ్యి. ఆ పొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోతారు. ఆ పని మా దగ్గరా అంతే.

వేరైనదల్లా తిండి. మేము రెండు పూటలా అన్నమే తింటాం. మా వదిన తెల్లారి పొద్దున మక్క గటక పెట్టింది. మొక్కజొన్న రవ్వను గట్టిగా ఉడికించి, పచ్చిపులుసు పోసి ఇస్తారు. మొదటి ముద్ద గొంతులో ఆగింది, మూడో ముద్దకు రుచి తెలిసింది. మా ఆయన పళ్లెం తీసుకుని వెనక గదిలోకి పోయి చెంచాతో తిన్నాడు. వదిన నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఏమీ అనొద్దని.

కదలని బెండు

ఆ పొద్దుటికే ముసురు వెలిసింది. ఆకాశం కడిగిన గాజులా నీలంగా ఉంది. పంతులు చెప్పినట్టే ఉత్తరపు గాలి మొదలైంది. ఎండ ఉంది కానీ దానిలో వేడి లేదు. అన్నకు ఆరోజు సెలవు. ముగ్గురం గోదారికి నడిచాం.

పుష్యమాసపు గోదారిని నేను ఎప్పుడూ చూడలేదు. వానాకాలంలో సముద్రమంత అంటారు కదా, ఇప్పుడు సగం ఇసుక, సగం బండలు, మధ్యమధ్య లోతైన మడుగులు. ఒడ్డున వలల వాళ్లు తుమ్మ కంపలు మంటేసుకుని కూర్చున్నారు. వల ఆరేసే ఉంది. వాళ్లలో పోశవ్వ అనే ముసలామె ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. బజారులో చేపలమ్మేది ఆమే.

"ఎందుకొచ్చిండ్రు బిడ్డా గీ గాలికి?" అంది నన్ను చూసి. "ముసురున్నన్ని దినాలు మస్తు పడ్డయి. మబ్బు పోయి గాలి తిరిగిందంటె షాపలు అడుగుకు పోయి పంటయి. నోటికాడికి తెచ్చిపెట్టినా తినయి."

"మేమొచ్చిందే నాలుగు దినాలకు అవ్వా" అన్నాను.

"అయితె మంట కాగిపోండ్రి."

మా ఆయన మంట దగ్గరికి పోలేదు. బండ మీద కూర్చుని, నాచులో పెట్టి తెచ్చిన వానపాముల డబ్బా తెరిచాడు. గాలానికి ఎర గుచ్చడానికి రెండు చేతుల వేళ్లూ కావాలి. వానపాము జారిపోతోంది. నేను ముందుకు కదిలేసరికి, "కూసో" అన్నాడు. గాలపు కాడను పళ్ల మధ్య పట్టుకుని, ఎడమ చేత్తో ఎర ఎక్కించాడు. మూడు పాములు నేలపాలయ్యాక నాలుగోది నిలిచింది. ఎడమ చేత్తో విసిరితే మొదటిసారి గాలం ఆయన చొక్కా వీపుకే తగులుకుంది. రెండోసారి తుమ్మకొమ్మకు. మంట దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ వెనక్కి తిరగలేదు. తర్వాత్తర్వాత ఎర మడుగు మధ్యలోనే పడసాగింది.

నీటి మీద తేలే బెండుకు బదులు నెమలీక కాడ కట్టాం. తెల్లగా నీటి మీద నిలబడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగిపోయింది, ఆ కాడ ఒక్కసారి మునగలేదు. నా కాలి మడమలు చలికి పగిలి రక్తం చిమ్మాయి.

"ఇగ పోదాం పా బావా" అన్నాడు అన్న.

"రేపు పొద్దుగాల వద్దాం" అన్నాడు మా ఆయన దారం చుడుతూ. అది వినడానికే నేను అంత దూరం వచ్చాననిపించింది.

ఖాళీ బజారు

మర్నాడు కూడా అదే కథ. ఇంకో మడుగు, ఇంకో బండ, అదే గాలి. సాయంత్రం వదినతో బజారుకు పోయాను. చిక్కుడుకాయ, టమాట మా దగ్గరకంటే చౌక. కమాన్‌పూర్ వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు గంపల్లో తెచ్చి కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. తూకం లేదు, కుప్ప లెక్కే. చేపల వరుస మాత్రం బోసిగా ఉంది. ఎండు చేపలు అమ్మే మనిషి ఒక్కడే ఈగలు తోలుకుంటున్నాడు.

"ఇవే కొంచెం తీసుకుందాం. కూర చేసి గోదారి షాపలే అందాం" అంది వదిన నవ్వుతూ.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయనకు నవ్వు రాలేదు. "సుశీలా, రేపొక్కదినం చూద్దాం. పడకుంటె ఎల్లుండి గూడ చూద్దాం" అన్నాడు. ఎల్లుండి మధ్యాహ్నమే మా బండి. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు.

ఆవిర్లు లేచే కాలువ

మూడోరోజు అన్నకు మొదటి షిఫ్టు డ్యూటీ. మేమిద్దరమే బయల్దేరాం. గాలికి ఎదురు నడవలేక, గని పక్కగా పల్లపు దారి పట్టాం. అక్కడొక కాలువ ఉంది. నీళ్లు కొంచెం నల్లగా ఉన్నాయి. పొద్దుటి చలిలో ఆ కాలువ పొడవునా పాలు కాగినట్టు ఆవిరి లేస్తోంది. ఐదారుగురు ఆడవాళ్లు చీరలు మోకాళ్లదాకా ఎగ్గట్టి బట్టలుతుకుతున్నారు.

"ఇంత సలిల నీళ్లల్ల ఎట్ల నిలవడ్డరక్కా?" అని ఒకామెను అడిగాను.

"దిగి చూడు" అంది ఆమె.

దిగాను. గోరువెచ్చగా ఉన్నాయి! పగిలిన మడమలకు ప్రాణం లేచొచ్చింది. "నువ్వు గూడ దిగు" అని మా ఆయనను పిలిచాను. ఆయన ఒడ్డున వంగి ఎడమ చెయ్యి నీళ్లలో పెట్టాడు.

"పంపు నీళ్లు" అన్నాడు.

"ఏ పంపు?"

"గనిల నుంచి తోడిన నీళ్లు. కింద భూమి ఎప్పుడూ ఒక్క తీరుగనే ఉంటది సుశీలా. పైన సలైనా, ఎండైనా దానికి తెల్వది. సలికాలం నేను పంపు కాడ ఆ నీళ్లతోనే మొఖం కడుక్కుందును." ఆయన లేచి కాలువ పోయే వైపు చూశాడు. "అక్కా, గీ నీళ్లు ఏడికి పోతయి?"

"వాగులకు. వాగు గోదాట్లకు" అంది బట్టలుతికే ఆమె.

ఆయన కర్ర భుజాన వేసుకుని కాలువ గట్టున బయల్దేరాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకంటే ముందు నడిచేవాడు. దెబ్బ తగిలాక వెనకే నడుస్తున్నాడు. ఆరోజు మళ్లీ ముందు పోయాడు. నేను చెప్పులు చేతపట్టుకుని వెంట పరుగెత్తాల్సి వచ్చింది.

వాగు కలిసే చోట

కాలువ వాగులో కలిసింది. వాగు తుంగ పొదల మధ్య వంకలు తిరుగుతూ పోయి గోదారిలో పడింది. అది కలిసేచోట నల్లనీళ్లు, పచ్చనీళ్లు చాలాదూరం పక్కపక్కనే నడిచాయి. అక్కడ బండల మీద కొంగలు నిలబడి ఉన్నాయి. రెండు రోజులుగా గోదారి మీద ఒక్క కొంగను చూడలేదు మేము.

నెమలీక కాడ నీళ్లను తాకి నిలబడీ నిలబడకముందే మునిగింది. పడింది బెత్తెడు జెల్ల చేప. సంబరంలో నేను గాలం నుంచి ఊడదీయబోయాను, దాని రెక్క ముల్లు నా అరచేతిలో దిగింది. కేకపెట్టాను. మా ఆయన ఎన్ని నెలలకో పగలబడి నవ్వాడు. "గాలమేసుడు నేర్చుకుంటనన్నవు గద" అన్నాడు. తర్వాత వరుసగా వేలెడంత పరక చేపలు పడ్డాయి. ఒక పరకను ప్రాణంతోనే పెద్ద గాలానికి గుచ్చి, నెమలీక తీసేసి, సీసపు గుండు కట్టి, నల్లనీళ్లు లోతులోకి జారేచోట వదిలాడు.

"పెద్ద షాపలు సలికి మత్తుగ ఉంటయి. ఉరికొచ్చి తినయి. మనమే దాని మూతికాడ ఉంచి ఆగాలె" అన్నాడు.

ఆగాం. వదిన కట్టిచ్చిన జొన్నరొట్టె, నువ్వుల పొడి తిన్నాం. ఎండ కాస్త వెచ్చబడింది. నాకు కునుకు పడుతుండగా కర్ర టక్కుమంది.

కర్ర విల్లులా వంగింది. ఆయన లేచి నిలబడి వెనక్కి గుంజాడు. వెదురు ఫట్‌మని చీలిపోయింది. ఆయన విరిగిన కర్ర వదిలేసి దారం అందుకున్నాడు. ఎడమచేతి వేళ్లలోంచి దారం జర్రున జారిపోతోంది. అప్పుడాయన కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్లు లేని అరచేతి చుట్టూ దారాన్ని రెండు చుట్లు తిప్పి, బొటనవేలితో బిగించాడు. దారం ఆగింది. నీళ్లలో ఎక్కడో పెద్దగా సుడి లేచింది.

నేను ఉరికాను. "దగ్గరికి రాకు! దారం తెగుతది!" అని అరిచాడు.

"చెయ్యి కోసుకుపోతది, ఇడిసిపెట్టు!"

"ఇడువ."

చేప గుంజినప్పుడు ఆయన ఒక అడుగు నీళ్లలోకి పోయాడు. అది అలిసినప్పుడు రెండడుగులు వెనక్కి వేశాడు. చేతుల బలంతో లాగలేదు. దారం చుట్టుకున్న చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి గట్టు ఎక్కుతూ పోయాడు. కాలు జారి రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు. చివరకు లోతులేని నీళ్లలో వెండిరంగు పొట్ట, జానెడు మీసాలు కనిపించాయి. వాలుగ! "ఇప్పుడు రా!" అన్నాడు. నేను చీర కొంగు దాని మీద వేసి, మీద పడి, బురదలో దొర్లి ఒడ్డుకు ఈడ్చాను. నా చెయ్యంత పొడవుంది. ఇద్దరం దాని పక్కనే ఆయాసపడుతూ కూలబడ్డాం. ఆయన అరచేతిలో దారం కోసిన గీత నుంచి రక్తం కారుతోంది. దాన్ని కట్టనియ్యలేదు, నీళ్లలో కడుక్కుని ఊరుకున్నాడు.

తిరిగి వస్తుంటే పోశవ్వ ఎదురైంది. చేపను చూసి గంప కింద పెట్టేసింది.

"గిది ఏడ దొరికింది తమ్మీ?"

మా ఆయన వాగు వైపు చెయ్యి చూపించాడు. బొటనవేలొక్కటే ఉన్న చెయ్యి. "గని నీళ్లు కలిసేకాడ. వెచ్చగున్నయని ఆడికి చేరినయి. మీవాళ్లను వల తీసుకొని పొమ్మను."

"అందరికి చెప్తె నీకేం మిగులుతయి?"

"మిగలకుంటె ఇంకోతాన దేవులాడుకుంట అవ్వా."

పోశవ్వ గంప ఎత్తుకుని వలల వాళ్లను కేకేసుకుంటూ జల్ది జల్ది పోయింది.

పులుసన్నం

వదిన వాలుగ పులుసు చిక్కటి చింతపండు రసంలో, మెంతిపొడి వేసి చేసింది. మేము ఉల్లిపాయ ముద్ద వేస్తాం. ఆమె నువ్వులు, కొబ్బరి వేయించి నూరి పోసింది. ఆ రుచి నాకు ఇప్పటికీ రావడం లేదు.

పళ్లేలు పెట్టగానే అందరి చూపూ మా ఆయన మీదికి పోయింది. వదిన చెంచా పెట్టింది. ఆయన దాన్ని పక్కకు జరిపి మా మధ్యే కూర్చున్నాడు. అరచేత్తో అన్నాన్ని పళ్లెం అంచుకు నెట్టి, బొటనవేలితో అదిమి ముద్ద చేసుకున్నాడు. సగం గడ్డం మీద పడింది. తుడుచుకున్నాడు. చేప ముక్కను పళ్లానికి నొక్కి పట్టి, బొటనవేలి గోరుతో ముల్లు గీరి తీశాడు. వాలుగకు ముళ్లు తక్కువే, అయినా చాలాసేపు పట్టింది. మా అందరి తిండీ అయిపోయింది. చేతులు ఎండిపోతున్నా ఎవరూ లేవలేదు. అన్న గని ముచ్చట్లేవో చెబుతూనే ఉన్నాడు.

చివరి ముద్ద అయ్యాక అన్న మెల్లగా అడిగాడు. "ల్యాంపు రూము సంగతేం జేసినవు బావా?"

"పోత."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆయన మాట అక్కడ ఆగలేదు. "పోయి, నా పంపు నాకియ్యమని అడుగుత."

"ఇస్తరా?"

"ఇయ్యకుంటె మల్ల అడుగుత."

ఇంటికొచ్చాక

మర్నాడు మధ్యాహ్నం బండిలో తిరిగి వచ్చాం. మోసుకురావడానికి గాలపు కర్ర లేదు, చేతులు తేలిగ్గా ఉన్నాయి. బస్సు దగ్గర పోశవ్వ కొడుకు వచ్చి ఆకుల్లో చుట్టిన బొచ్చె చేప ఒకటి మా అన్న చేతిలో పెట్టి, రాత్రి వల నిండిందని చెప్పి పోయాడు.

ఆయన ల్యాంపు రూములో చేరాడు. మొదటి వారం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు. రెండో వారం నుంచి ఎవరు ఏమడిగారో చెప్పసాగాడు. వారం మారినప్పుడల్లా పంపు గురించి ఆఫీసులో అడగడం మానలేదు. కుదరదన్నారు. ఉగాది దాటాక, "గని పైనున్న పంపు కాడ మనిషి కావాలె, కానీ ఒక్క చేత్తోని వాల్వు తిప్పగల్గుతవా?" అని అడిగారట. తిప్పి చూపిస్తానన్నాడు.

ఇప్పుడాయనకు ఆ పంపు దగ్గరే డ్యూటీ. తిప్పి చూపిన ఆరోజు ఏం జరిగిందని నేను గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పాడు. వాల్వు చక్రం మీద అరచెయ్యి ఆనించి, మోచెయ్యి అడ్డం పెట్టి, ఒళ్లంతా వేసి తిప్పాడట. మొదటిసారి కదల్లేదట. రెండోసారీ కదల్లేదట. ఇంజనీరు, నలుగురు ఖలాసీలు చుట్టూ నిలబడి చూస్తున్నారట.

"మూడోసారికి వాళ్లేమన్నరు?" అని అడిగాను.

"ఏమన్నరో నాకేం తెల్సు? నీళ్ల సప్పుడుల ఏం ఇనవడ్తది" అన్నాడు.